దర్వాజ ఎక్కడుండేది

ఆయన పోయిన తర్వాత పదకొండు నెలల పాటు నేను ఒకే చౌరస్తా చుట్టూ తిరిగాను. ఇంటి నుంచి అయిదు నిమిషాల నడక. మందుల షాపుకని బయల్దేరి అక్కడ తేలేదాన్ని. కూరగాయలకని సంచీ పట్టుకుని వెళ్ళి, ఖాళీ సంచీతో తిరిగొచ్చేదాన్ని. అక్కడ చేసేదేమీ లేదు, నిలబడటం తప్ప. అదైనా ఎక్కువసేపు కుదరదు. ఒక చోట కాస్త ఆగితే చాలు, వెనక నుంచి హారన్. పక్కకి జరిగితే అక్కడ ఇంకో బండి. కొన్ని గజాలు ఇటూ అటూ నడిచి, నేలకేసి చూసి, ఇంటికొచ్చేదాన్ని. సాయంత్రం మళ్ళీ అదే పని.

చౌరస్తా మధ్యలో బొడ్రాయి ఉంది. ఊరు కట్టిన రోజున పాతిన రాయి. మోకాలెత్తు కూడా ఉండదు. చుట్టూ ఇనుప గ్రిల్ పెట్టారు. లోపల పసుపూ కుంకుమా, అప్పుడప్పుడు ఎవరో వదిలేసిన కాగితం టీ కప్పు. నాలుగు పక్కలా హాస్టళ్ళు, ఒక టిఫిన్ సెంటర్, సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు, ఇస్త్రీ బండి. పొద్దున తొమ్మిదయ్యేసరికి మెడలో ఐడీ కార్డులు వేసుకున్న పిల్లలు ఆ సందుల్లోంచి బయటికొచ్చి మాదాపూర్ వైపు వెళ్ళే క్యాబుల కోసం నిలబడతారు. కొత్తగూడ ఫ్లైఓవర్ మీది మోత అక్కడికి వినిపిస్తూనే ఉంటుంది.

ఊరి పేరు ఇక్కడ రాయను. పొలాలన్నీ పోయాక ఊరు కూడా పోయిందని జనం అనుకుంటారు. పోలేదు. అద్దాల మేడల వెనక సందుల్లో అలాగే ఉంది. ఇళ్ళు మూడంతస్తులయ్యాయి, పై రెండూ కిరాయికి. మా ఇల్లూ అంతే.

బొడ్రాయి నుంచి తూర్పుకి పోయే సందులో ఒకప్పుడు ఊరి దర్వాజ ఉండేది. రెండు రాతి స్తంభాలు, వాటి మీద అడ్డంగా ఒక పెద్ద రాయి, లోపల రెండు వైపులా కూర్చోవడానికి అరుగులు. తలుపులు ఎప్పుడు పోయాయో ఎవరికీ గుర్తు లేదు. అది సరిగ్గా ఎక్కడుండేదో తెలుసుకోవాలని నేను తిరిగాను. చరిత్ర మీద ఆసక్తితో కాదు. ఆయన్ని దించాల్సిన చోటు అది. అక్కడ దించలేదు.

మాది గుంటూరు వైపు. హైదరాబాద్‌లో ప్రభుత్వ లైబ్రరీలో పనిచేశాను. ఆయన సర్వే ఆఫీసులో నక్షాలు గీసేవారు. ఈ ఊరి మనిషి. మాకు పిల్లలు లేరు. పెళ్ళయ్యాక ఈ ఊరి పద్ధతులు ఒక్కొక్కటే నేర్చుకున్నాను, నేర్చుకున్నానే గానీ నమ్మలేదు. ఆయనా పెద్దగా నమ్మేవారు కాదు. మా ఇద్దరి బదులు మా అత్తయ్య నమ్మేది. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు పనిచేయవు, మాట పనిచేస్తుంది.

ఈ ఊళ్ళో పాడెని శ్మశానం దాకా ఏకబిగిన తీసుకుపోరు. దర్వాజ దాటగానే ఒకసారి నేల మీద దించుతారు. దగ్గరి మనిషి వంగి, చనిపోయినవారి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఒక్కోసారి పిలిచాక కాసేపు ఆగుతారు. ఏమో, ఊపిరి ఇంకా ఉందేమో, లేస్తారేమో అని. లేవకపోతే ఎత్తుకుని ముందుకి వెళతారు. అక్కడి నుంచి ఇక వెనక్కి చూడరు. దింపుడు కల్లం అంటారు. మా వైపూ ఉంది గానీ, మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు అంతదాకా వెళ్ళరు. ఇక్కడ వెళతారు. నేనూ వెళ్ళాను.

ఆయన్ని వ్యాన్‌లో తీసుకెళ్ళాం. సందులో పాడె మోసుకుపోయే వీలు లేదన్నారు. ఎక్కడ ఆపాలని డ్రైవర్ అడిగితే మా మరిది, అంటే ఆయన తమ్ముడు, "కమాను కాడ ఆపు" అన్నాడు. మెయిన్ రోడ్డు మీద కాలనీ సంఘం వాళ్ళు కట్టించిన సిమెంటు కమాను అది. ఊరి పేరు పెద్దక్షరాలతో, పైన రెండు నెమళ్ళు. రంగు వేసి రెండేళ్ళు కాలేదు. పాత దర్వాజ స్థానంలోనే దాన్ని కట్టారని మా మరిది నమ్మకం. ఇప్పుడతను కోకాపేటలో ఇరవై మూడో అంతస్తులో ఉంటాడు. దర్వాజ పడిపోయే నాటికి చాలా చిన్నవాడు.

కమాను కింద దించారు. పొద్దున పదకొండు. ఒక పక్క సిటీ బస్సు, ఇంకో పక్క క్యాబులు. మా మరిది వంగి "అన్నా" అని, పేరు పెట్టి పిలిచాడు. ఆగాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారికి నోరు తెరిచాడు గానీ గొంతు రాలేదు. పెదాలు కదిలాయి. బస్సు డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయడం లేదు. "జల్ది సార్, సిగ్నల్ పడ్డది" అన్నాడు మా వ్యాన్ డ్రైవర్. అయిపోయిందనుకుని మోసేవాళ్ళు ఎత్తేశారు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. చూశాను.

అత్తయ్య రాలేకపోయింది. ఇంటికి తిరిగొచ్చి స్నానాలు చేశాక, గోడకి ఆనుకుని కూర్చుని మమ్మల్నిద్దరినీ పిలిచింది.

"యాడ దించిన్రు?"

"కమాను కాడ" అన్నాడు మరిది.

"గది మన దర్వాజ గాదు."

"గాడనే ఉండె గదనే అమ్మా."

"నీకేమెర్కరా, నువ్వు సంకల ఉన్నవప్పుడు." మోకాలు నిమురుకుంది. "ఎన్నిసార్లు పిలిసినవ్?"

అతను నా వంక చూశాడు. యాభై దాటిన మనిషి, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "మూడుసార్లూ పిలిచాడు అత్తయ్యా. నేను పక్కనే ఉన్నాను" అన్నాను.

అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. చెప్పిన తర్వాత దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మూడయినా రెండయినా, వినే మనిషి లేడు కదా అనుకున్నాను. ఆ రాత్రికి అది నిజమే అనిపించింది. వారం తిరిగేసరికి అనిపించలేదు. ఏ పుస్తకం తీసినా రెండో పేజీలో ఆగిపోయేదాన్ని. ఆగినచోట మరిది పెదాలు కదలడమే కనిపించేది. నేను నమ్మని పనిలో ఒక లోటు జరిగితే నాకెందుకు నిద్ర పట్టడం లేదో నాకే అర్థం కాలేదు.

అత్తయ్యకి లెక్క సంగతి తెలియదు. ఆమె గొడవంతా చోటు గురించి. పది రోజుల పనులు అయ్యాయి, నెల మాసికాలు నడుస్తున్నాయి, ఆమె ఆ మాట వదల్లేదు. "దర్వాజ లోపటున్నంత సేపు ఊరి మనిషి. దాటినంక గాదు. గా నడుమ పిలుస్తే మర్లొస్తడో పోతడో వాడే చెప్తడు. మీరు వాన్ని రోడ్డు మీద, బస్సుల నడుమ దించి పిలిస్తే వానికేం తెలుస్తది, ఎటు మర్లాల్నో?" ఏడాది లోపల మళ్ళీ పిలవాలంది. సంవత్సరీకం అయిపోతే పెద్దల్లో కలిసిపోతాడు, ఇక ఎవరు పిలిచినా వినడు. ఇలా ఎక్కడా రాసి లేదు, ఎవరూ చేయరు. "నాకు జెయ్యాలె" అంది. పొద్దున టీ ఇస్తుంటే అడిగేది, "దొరికిందా?" అని. సాయంత్రం చెప్పులు విడుస్తుంటే అడిగేది.

అందుకని తిరిగాను.

లైబ్రరీ మనిషిని కనుక ముందు కాగితాలు చూశాను. ఆయన బీరువాలో ఊరి నక్షా ఒకటి ఉంది. పాతదానికి ఆయనే చేత్తో గీసుకున్న నకలు. ప్రతి పొలానికీ హద్దు, నంబరు, బావి ఉంటే బావి, చెట్టుంటే చెట్టు. చెరువు గట్టు వంపు కూడా పోలేదు. మధ్యలో అరచేయంత తెల్లటి ఖాళీ. అందులో "గ్రామకంఠం" అని చిన్న అక్షరాలు. ఇళ్ళున్నచోటు అది. శిస్తు పొలానికి కాబట్టి పొలం కొలిచారు, ఊరిని వదిలేశారని ఆయనొకసారి చెప్పారు. దర్వాజ ఆ తెలుపులో ఎక్కడో ఉంది. భూతద్దం పెట్టి చూశాను. కాగితం పీచు కనిపించింది.

తర్వాత మనుషుల్ని అడిగాను. టిఫిన్ సెంటర్ ఉన్న ఇంటాయన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నచోటు చూపించాడు. పాత కిరాణా కొట్టు ముసలాయన, అంతకు చాలా ఇవతల, ఇప్పుడు ఏటీఎం ఉన్నచోటు అన్నాడు. ఇద్దరూ ఒట్టేసి చెప్పారు. రెంటి మధ్యా యాభై గజాలు. అత్తయ్యని ఒకసారి ఆటోలో తీసుకెళ్ళి చూపించాను. ఆమె ఇటూ అటూ చూసింది. "సూర్యుడే కానొస్తలేడు. నాకేం తెలుస్తది" అని, ఆటో తిప్పమంది. పెళ్ళికూతురిగా దర్వాజలోంచి వచ్చినప్పుడు ఎదురుగా పడమటి ఎండ కళ్ళల్లో పడిందట. ఇప్పుడక్కడ ఆకాశం రెండు గోడల మధ్య ఒక చీలిక.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఇంటికి వచ్చినవాళ్ళకి నేను ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను, ఐటీ కంపెనీలొచ్చి ఈ ఊరి దర్వాజని మింగేశాయని. చెప్పడానికి బాగుండేది, వినేవాళ్ళు తలాడించేవారు. ఆయన ఒక్కసారే, చుట్టాలు వెళ్ళిపోయాక, మెల్లగా అన్నారు: "అది మేమే పడగొట్టినం." ఆయన పదో తరగతిలో ఉండగా ఎండాకాలం బావులన్నీ ఎండిపోయాయి. బోరు వేసే లారీ వచ్చింది, దర్వాజలో పట్టలేదు. ఎత్తు చాల్లేదు, వెడల్పూ చాల్లేదు. లారీవాడు వెనక్కి పోతానన్నాడు. పెద్దలు చావడి దగ్గర గంటసేపు కూర్చుని లేచారు. గడ్డపారలు తెచ్చారు. పొద్దుగూకే లోపల దర్వాజ లేదు. మర్నాడు నీళ్ళు పడ్డాయి. రాళ్ళు ఎవరికి అక్కరకొచ్చినవి వాళ్ళు పట్టుకుపోయారు. "నేను గూడ ఒకటి మోసిన" అన్నారు. ఎక్కడికి మోశారని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

పదో నెల దాటాక గానీ నాకు తోచలేదు, ఆయన స్నేహితుడిని అడగాలని. చిన్నప్పటి నుంచీ ఒకే బడి, ఒకే బెంచీ. ఆయన పోయినప్పుడు అతను దవాఖానలో ఉన్నాడు, ఆపరేషన్ అయి. మూడో రోజున కర్ర పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర చాలాసేపు కూర్చుని వెళ్ళాడు. వాళ్ళ ఇళ్ళు దర్వాజకి అవతల. వాళ్ళ నాన్న ఊళ్ళో ప్రతి చావుకీ డప్పు కొట్టిన మనిషి. ఇన్ని నెలలుగా నేను అడుగుతూ వచ్చింది దర్వాజ లోపలి వాళ్ళనే. ఎందుకలా జరిగిందో ఆలోచిస్తే సంతోషించే సమాధానం దొరకలేదు.

అతను మున్సిపల్ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. భార్య కర్రీ పాయింట్ నడుపుతుంది. నేను వెళ్ళేసరికి స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"రా వదినె, కూసో. నీకు తరుగుడొస్తదా?"

"వస్తుందండి."

"అయితే బతికిన. ముప్పై ఏండ్లు సర్కారు కొలువు జేసిన, సూపర్‌వైజర్ సాబ్ అన్నరు. గీమె కాడ మాత్రం ఇంక పర్మనెంట్ కాలె."

"పని సక్కగ జేస్తే అయితవ్" అంది ఆమె, కూర కలుపుతూ. "సూడు వదినె, గంటకు రెండు ఉల్లిగడ్డలు. సర్కారు చెయ్యి."

నవ్వాను. చాలా రోజులకి. తర్వాత వచ్చిన పని చెప్పాను. అతను కత్తి పక్కన పెట్టాడు.

"కమాను కాడ దించిన్రా? అరె. నేనుంటే చెప్పెటోన్ని గద."

"మీకు చోటు తెలుసా?"

"చోటు తెల్వదు. చేతికి తెలుసు." అంటూ వివరించాడు. శవం వెంట నడుస్తూ కొట్టేటప్పుడు బొడ్రాయి దగ్గర దరువు ఎత్తుకుంటారట. అడుగుకి ఒక దెబ్బ. దర్వాజ కింద మాత్రం కొట్టకూడదు, పుల్లలు పైకెత్తి పట్టుకుని దాటాలి. దాటాక, దించి పిలిచే దాకా నిశ్శబ్దం. ఎత్తాక వేరే దరువు. బొడ్రాయి నుంచి దర్వాజ దాకా దరువు ఎన్నిసార్లు తిరుగుతుందో చిన్నప్పుడు వాళ్ళ నాన్న వీపు మీద చరిచి నేర్పాడు. "తప్పితే దర్వాజ కింద దెబ్బ పడ్తది. పడితే మా నాయిన దెబ్బ నా మీద పడ్తది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఉత్సాహంలో అన్నాను, "అయితే ఒకసారి డప్పు తీసుకుని వస్తారా?"

గరిటె చప్పుడు ఆగింది. అతను నా వంక చూడలేదు. పొట్టు తీసిన ఉల్లిపాయల్ని ఒక పక్కకి నెట్టాడు.

"సావుకు డప్పు కొట్టుడు మా నాయినతోని అయిపోయింది వదినె. కొలువొచ్చిన దినం గోడకు తగిలేసిన. మా నాయిన పోయిన్నాడు గూడ నేను డప్పు దించలె."

తప్పు మాట్లాడానని తెలిసింది. క్షమించమన్నాను. అతను చెయ్యి ఊపాడు.

"నువ్వు తెల్వక అడిగినవ్. ఇంకోటి గూడ చెప్త, ఏమనుకోకు. గా దర్వాజ పోయిందని నువ్వు పరేషానవుతున్నవ్. మా అమ్మ గా దర్వాజ కాడికి రాంగనే చెప్పులిప్పి చేతుల వట్టుకునేది. లోపల ఊరంతా గట్లనే తిరిగేది. దర్వాజ పడిపోయినంక తెల్లారి వచ్చింది, యాడ ఇప్పాల్నో తెల్వక నిలవడ్డది. అటు సూసింది, ఇటు సూసింది. ఇప్పకుంటనే లోపలికి నడిచింది. మల్ల ఎప్పుడు ఇప్పలె."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"అన్నరు. యాడ ఇప్పాల్నో మీరు చూపియ్యిన్రి అన్నది. వాళ్ళల్ల వాళ్ళకే కొట్లాట. ఒకడు గీడ అంటడు, ఒకడు గాడ అంటడు." భార్య వైపు చూసి నవ్వాడు. "గిప్పటి లెక్కనే."

పదకొండు నెలలుగా నా మనసులో ఆ రెండు స్తంభాలూ అందమైన వస్తువులుగా నిలబడి ఉన్నాయి. బయటి నుంచి అవి ఎలా కనబడతాయో నాకు ఒక్కసారీ తట్టలేదు. వెళ్ళిపోదామని లేచాను. అతను కూడా లేచాడు.

"డప్పు తేను. నడిచి సూపిస్త. దర్వాజ కోసం గాదు. వాడు నా దోస్తు."

మర్నాడు పొద్దున ఏడింటికి చౌరస్తాకి వచ్చాడు. బొడ్రాయి గ్రిల్ దగ్గర నిలబడి, కర్ర ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో తొడ మీద తట్టడం మొదలుపెట్టాడు. పెదాల కింద ఏదో గొణుగుతున్నాడు. శవం వెంట నడిచే నడక అది, మెల్లగా, ఆగీ ఆగనట్టు. నేను వెనక నడిచాను. వెనకొచ్చే స్కూటీ హారన్ కొట్టింది, అతను జరగలేదు. ఏటీఎం దాటాం. ఇస్త్రీ బండాయన పెట్టె పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డాడు. నలభై అడుగులు, యాభై. ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా ముందే ఉంది. ఒక చోట అతని చెయ్యి గాలిలోకి లేచి ఆగిపోయింది. అలాగే రెండడుగులు వేశాడు. అప్పుడు చెయ్యి దించాడు.

"గీడికే."

ఆడపిల్లల హాస్టల్ అది. రోడ్డు మీదికే మెట్లు, మెట్ల పక్కన ఇనుప స్టాండు నిండా చెప్పులు. గోడ మీద కాగితం: "చెప్పులు ఇక్కడే విడవవలెను". అతను దాన్ని చదివి, కర్ర మీద రెండు చేతులూ పెట్టి పెద్దగా నవ్వాడు.

"సూసినవా వదినె. ఇంక ఇప్పుమంటనే ఉన్నరు."

నవ్వు విని వార్డెన్ బయటికొచ్చింది. మా వైపు మనిషే, మాటలోనే తెలిసింది. "ఎవరికండీ రూము? షేరింగా, సింగిలా?"

విషయం చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇక్కడ పూజలవీ చేస్తారా ఏంటండీ? పిల్లలు భయపడిపోతారు. ఇప్పటికే మూడో అంతస్తులో బల్లి కనపడితే ఖాళీ చేస్తానంటోంది ఒకమ్మాయి."

"పూజ కాదమ్మా. పెద్దావిడ వస్తారు. ఒకసారి పిలిచి వెళ్ళిపోతాం. నిప్పు ఉండదు, నీళ్ళు ఉండవు."

"పిలవడమేగా" అంది ఆమె. "ఆదివారం రండి, తొమ్మిదిలోపు. అందరూ నిద్రపోతుంటారు."

ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజులూ నేను ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగాను. చోటు దొరికిందని చెప్పగానే అత్తయ్య పెట్టెలోంచి ఉతికిన చీర తీసి పక్కన పెట్టుకుంది. రెండుసార్లు నిద్రలోంచి లేచి పళ్ళ సెట్టు ఎక్కడుందో చూసుకుంది. పిలిచేటప్పుడు మాట సరిగా రావాలని. ఆమె ఆ చోటుకి వెళ్ళి మూడుసార్లు పిలుస్తుంది. పిలిచి, అంతా సరిగా అయిందనుకుంటుంది. రెండుసార్లే పిలిచిన సంగతి నా దగ్గరా మరిది దగ్గరా ఉండిపోతుంది. అలా ఉండిపోతే మంచిదేనని మొదటి రోజు అనుకున్నాను. మూడో రోజుకి, ఆమె చీర మడత చూడలేకపోయాను.

ఆదివారం ఆటోలో వెళ్ళాం. మరిదిని రమ్మనలేదు. అతన్ని మళ్ళీ అక్కడ నిలబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. స్నేహితుడు మాకంటే ముందే వచ్చి మెట్ల దగ్గర ఉన్నాడు. వార్డెన్ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. అత్తయ్యని కూర్చోబెట్టాం. ఆమె గోడలకేసీ పైకీ చూసింది, ఏమీ గుర్తుపట్టలేదు.

"గీడనేనారా?"

"చెయ్యి గీడ ఆగింది పెద్దమ్మా."

"మీ నాయిన చెయ్యి ఎప్పుడు తప్పలె" అంది. ఆ మాటతో చోటు గొడవ తీరిపోయింది. "తల ఎటుంటది?"

అతను చెప్పుల స్టాండు వైపు చూపించాడు. ఆమె కుర్చీ అటు తిప్పమంది. చీర సర్దుకుంది. ముందుకి వంగింది.

"అత్తయ్యా" అన్నాను. "రెండుసార్లే పిలిచారు."

ఆమె వంగినది వంగినట్టే ఉండి తల తిప్పింది.

"ఆ రోజు. మూడుసార్లు అని నేను అబద్ధం చెప్పాను. రెండుసార్లు పిలిచాక మరిదికి గొంతు రాలేదు. ఎత్తేశారు. నేను చూస్తూ ఉన్నాను, ఆపలేదు."

పైన ఎక్కడో ఒక ఫోన్ అలారం మోగి ఆగింది. ఆమె ముఖం ఎర్రబడింది. నేను ఆ ఇంటికి వచ్చాక అంత కోపం చూడలేదు.

"పదకొండు నెల్లు. పొద్దుగాల చాయ్ ఇచ్చినవ్, మాపటికి బువ్వ పెట్టినవ్. ఒక్కనాడన్న చెప్పబుద్ధి గాలేదా? నేను చోటు చోటు అని నెత్తి కొట్టుకుంటున్న. నువ్వు తెలిసి ఊకున్నవ్."

"నిజమే."

"సదువుకున్నదానివి."

"నిజమే అత్తయ్యా."

స్నేహితుడు పక్కకి తిరిగి నిలబడ్డాడు. వార్డెన్ లోపలికి వెళ్ళిపోయింది. అత్తయ్య కొంగుతో ముక్కు తుడుచుకుంది. వేళ్ళు మడిచి చూసుకుంది, ఒకటి, రెండు.

"అయితే ఒక్కటే గద మిగిలింది" అంది, కోపం తగ్గకుండానే. "నేను మూడు పిలిస్తే ఎక్కువైతది. గా ఒక్కటి నువ్వు పిలువు."

"నేనా?"

"నువ్వే ఊకున్నవ్. నువ్వే పిలువు."

పెళ్ళయినప్పటి నుంచి నేను ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. మా ఇళ్ళల్లో పిలవరు, ఇక్కడా పిలవరు. ఏమండీ అనేదాన్ని. ఆఫీసులో ఫారాలు నింపేటప్పుడు రాసేదాన్ని, బ్యాంకులో ఎవరైనా అడిగితే కాగితం చూపించేదాన్ని. నా నోటితో ఆ పేరు ఎలా ఉంటుందో నాకే తెలియదు. అదే చెప్పాను.

"నేను పెట్టిన పేరే. ఏం దోషం లేదు" అంది. "పిలువు. ఎండెక్కుతున్నది."

మెట్టు మీద కూర్చున్నాను. వంగితే ఎదురుగా ఎవరివో తెల్లటి స్పోర్ట్స్ బూట్లు, ఒక జత హవాయి చెప్పులు. మొదటిసారి గాలి మాత్రమే వచ్చింది. "గట్టిగ" అంది అత్తయ్య. రెండోసారి ప్రయత్నించాను. పేరు బయటికొచ్చింది. నా గొంతులా లేదు, కొత్తగా పని నేర్చుకునే మనిషి గొంతులా ఉంది. సందులోకి వెళ్ళింది. ఇస్త్రీ బండాయన తలెత్తి చూశాడు.

"ఇగ ఊకోండ్రి" అంది అత్తయ్య.

పిలిచాక ఆగాలి. ఆ రోజు కమాను కింద ఆగనిది అక్కడే. ముగ్గురం ఆగాం. ఒక ఆటో వచ్చింది, మమ్మల్ని చూసి, ఎందుకో హారన్ కొట్టకుండా మెల్లగా పక్క నుంచి పోయింది. నేను నేలకేసి చూస్తూ ఉండిపోయాను. ఎవరూ లేవలేదు. ఎవరూ లేవరని నాకు మొదటి నుంచీ తెలుసు. కానీ ఆగినంతసేపూ నేను విన్నాను, నిజంగానే విన్నాను, చెవి పెట్టి.

అత్తయ్య ఊపిరి వదిలింది. మోసేవాళ్ళతో అనే మాటే అంది.

"ఇగ ఎత్తుండ్రి."

ఎత్తడానికి అక్కడ ఏమీ లేదు. స్నేహితుడు నా వంక చూశాడు. కర్రని గోడకి ఆనించాడు. అతనొక పక్క, నేనొక పక్క, ఆమె చంకల కింద చేతులు వేసి కుర్చీలోంచి లేపాం.